ఓడినా నిలిచిన మాట: జస్టిస్ కోకా సుబ్బారావు



సుప్రీంకోర్టు తీర్పు వెలువడిందనగానే గెలిచిందెవరు, ఓడిందెవరు అని అడుగుతాం. ఆ తీర్పుతో ఏకీభవించని న్యాయమూర్తి ఏం రాశారో మనలో ఎంతమందిమి చదువుతాం? ఆ మాటకూ విలువ ఉందని తెలుసుకోవాలంటే జస్టిస్ కోకా సుబ్బారావుగారి జీవితం చూడండి.

ఆయన 1902 జులై 15న రాజమండ్రిలో జన్మించారు. మద్రాసులో న్యాయశాస్త్రం చదివి, అక్కడే న్యాయవాదిగా పేరు తెచ్చుకుని, 1948లో మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి అయ్యారు. ఆంధ్ర రాష్ట్రానికి 1954లో గుంటూరులో హైకోర్టు ఏర్పడితే దానికి ఆయనే తొలి ప్రధాన న్యాయమూర్తి. 1956లో ఆంధ్రప్రదేశ్ అవతరించి హైకోర్టు హైదరాబాదుకు చేరినప్పుడు కూడా ఆ స్థానంలో ఆయనే ఉన్నారు. 1958 జనవరిలో సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయ్యారు.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. రాజ్యాంగానికి అర్థం చెప్పవలసిన ముఖ్యమైన ప్రశ్న వస్తే కనీసం ఐదుగురు న్యాయమూర్తులు కూర్చుని వినాలని రాజ్యాంగమే నిర్దేశించింది. వారిలో ఎక్కువమంది చెప్పిందే తీర్పు. తక్కువమంది అభిప్రాయం ఆనాటికి అమలు కాదు. అయినా దాన్ని చింపి పారేయరు. తీర్పుతోపాటు అదీ అచ్చవుతుంది.

ఉత్తరప్రదేశ్‌లో ఖరక్ సింగ్ అనే వ్యక్తిని ఒక దోపిడీ కేసులో పట్టుకుని, సాక్ష్యం లేదని విడిచిపెట్టారు. అయినా పోలీసులు అతని పేరున హిస్టరీ షీటు తెరిచారు. రాత్రివేళ వచ్చి తలుపు తట్టేవారు, అతని రాకపోకలపై నిఘా పెట్టేవారు. అతను సుప్రీంకోర్టును ఆశ్రయించాడు. 1962 డిసెంబరులో ఆరుగురు న్యాయమూర్తులు తీర్పు చెప్పారు. రాత్రిపూట ఇంటికి వెళ్ళడం చెల్లదని అందరూ అంగీకరించారు. కానీ గోప్యత రాజ్యాంగం హామీ ఇచ్చిన హక్కు కాదని, మిగతా నిఘా సాగవచ్చని నలుగురు అన్నారు. సుబ్బారావుగారు, ఆయనతోపాటు జస్టిస్ షా ఒప్పుకోలేదు. వెంట నీడలా పోలీసు ఉంటే మనిషికి స్వేచ్ఛ ఎక్కడిదన్నది సుబ్బారావుగారి వాదన. వ్యక్తిగత స్వేచ్ఛలో గోప్యత కూడా భాగమేనని ఆయన రాశారు. ఆనాటికి అది ఓడిన మాట.

1966 జూన్ 30న ఆయన భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. మరుసటి ఫిబ్రవరిలో గోలక్‌నాథ్ కేసు తీర్పు వచ్చింది. ప్రాథమిక హక్కులను తగ్గించే అధికారం పార్లమెంటుకు లేదని పదకొండుమందిలో ఆరుగురు తేల్చారు. ఈసారి సుబ్బారావుగారు గెలిచినవారి వైపున ఉన్నారు. అయితే ఆ గెలుపు ఆరేళ్ళే నిలిచింది. 1973లో కేశవానంద భారతి కేసులో పదమూడుమంది న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని పక్కనపెట్టింది. రాజ్యాంగాన్ని పార్లమెంటు సవరించవచ్చు గాని, దాని మూల స్వరూపాన్ని చెరపరాదని చెప్పింది.

ఆయన చేసిన ప్రతి పనినీ లోకం మెచ్చుకోలేదు. పదవీ విరమణకు మూడు నెలలుండగా, 1967 ఏప్రిల్‌లో రాజీనామా చేసి, ప్రతిపక్షాల అభ్యర్థిగా రాష్ట్రపతి ఎన్నికలో నిలబడ్డారు. జాకీర్ హుస్సేన్ చేతిలో ఓడిపోయారు. న్యాయపీఠం దిగీ దిగగానే ఎన్నికల బరిలోకి దిగడం తగునా అని అడిగినవారున్నారు. ఆ ప్రశ్న న్యాయమైనదే.

1976 మే 6న ఆయన కన్నుమూశారు. అవి ఎమర్జెన్సీ రోజులు. సరిగ్గా ఎనిమిది రోజుల ముందు, ఎమర్జెన్సీలో నిర్బంధితులు తమ స్వేచ్ఛ కోసం కోర్టు తలుపు తట్టలేరని సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఐదుగురిలో జస్టిస్ ఖన్నా ఒక్కరే కాదన్నారు.

2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కేనని ప్రకటించారు. సుబ్బారావుగారి పాత అభిప్రాయమే సరైనదన్నారు. ఆ 1976 తీర్పునూ అప్పుడే కొట్టివేశారు. ఆయన గెలిచిన మాట ఆరేళ్ళకు మారితే, ఓడిన మాట దాదాపు 55 ఏళ్ళకు చట్టమైంది!

కాబట్టి పాఠకులారా, మీ గ్రామసభలోనో, సంఘ సమావేశంలోనో ఒక్కరే లేచి కాదన్నప్పుడు వారిని కూర్చోబెట్టకండి. తీర్మానం మెజారిటీ ప్రకారమే చేయండి. కానీ ఆ ఒక్కరి మాటను కూడా మినిట్స్ పుస్తకంలో రాయించండి. రేపు మీ పిల్లలకు అది అవసరం కావచ్చు.