అమెరికా నల్లజాతి తొలి యుద్ధ పైలట్ యూజీన్ బుల్లార్డ్

ప్రతిభ ఉన్నా పుట్టుక కారణంగా తలుపులు మూసుకుపోతే ఏం చేయాలి? ఈ ప్రశ్నకు తన జీవితంతోనే జవాబు చెప్పిన ధీరుడు యూజీన్ బుల్లార్డ్.

ఆయన 1895 అక్టోబరు 9న అమెరికాలోని జార్జియా రాష్ట్రం, కొలంబస్ పట్టణంలో ఒక పేద నల్లజాతి కూలీ ఇంట పుట్టారు. బానిసత్వం 1865లోనే రద్దయినా, వివక్ష మాత్రం పోలేదు. తండ్రిని చంపడానికి తెల్లవారి గుంపు ఇంటిమీదికి రావడం ఆయన చిన్నతనంలోనే చూశారు. ఫ్రాన్సులో మనుషులందరినీ సమానంగా చూస్తారని తండ్రి చెప్పిన మాట మనసులో నాటుకుంది. చిన్న వయసులోనే ఇల్లు విడిచి, 1912లో ఓడలో దొంగచాటుగా దాక్కొని స్కాట్లాండ్ చేరారు. బాక్సింగ్ పోటీలతో పొట్టపోసుకుంటూ పారిస్‌లో స్థిరపడ్డారు.

1914లో మొదటి ప్రపంచ యుద్ధం రాగానే ఫ్రెంచ్ సైన్యంలో చేరారు. 1916లో వెర్డన్ పోరులో తీవ్రంగా గాయపడ్డారు. ఆ సాహసానికి క్రోయిక్స్ ద గేర్ పతకం లభించింది. ఇక కాలినడకన పోరాడలేని స్థితిలోనూ ఆయన నిరాశపడలేదు. విమానం నడపడం నేర్చుకుని 1917 మేలో పైలట్ అయ్యారు. ఆనాటి విమానాలు కర్ర, గుడ్డతో చేసినవి. కూర్చునేచోట పైకప్పు ఉండదు, ఫ్రెంచ్ పైలట్లకు పారాచూట్ కూడా ఉండేది కాదు. అలాంటి విమానాల్లో ఆయన శత్రువులతో తలపడ్డారు.

అదే ఏడాది అమెరికా యుద్ధంలోకి దిగింది. ఫ్రెంచ్ దళాల్లోని అమెరికన్ పైలట్లను తమ దళంలోకి తీసుకుంది. బుల్లార్డ్ కూడా దరఖాస్తు చేసి, వైద్య పరీక్షలో నెగ్గారు. అయినా నల్లవాడన్న ఒక్క కారణంతో తీసుకోలేదు. కొద్దికాలానికే ఆయనను తిరిగి పదాతి దళానికి పంపేశారు.

రెండో ప్రపంచ యుద్ధంలోనూ ఫ్రాన్సు పక్షాన పోరాడి, గాయపడి, 1940లో అమెరికా చేరారు. అక్కడ ఆయనను గుర్తుపట్టేవారే లేరు. న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సెంటర్‌లో లిఫ్ట్ ఆపరేటర్‌గా పనిచేశారు. ఫ్రాన్సు మాత్రం మరువలేదు. 1954లో పారిస్‌లో అజ్ఞాత సైనికుని సమాధి వద్ద జ్యోతిని వెలిగించేందుకు పిలిచింది. 1959లో లీజియన్ ఆఫ్ ఆనర్ ఇచ్చి గౌరవించింది. 1961 అక్టోబరు 12న ఆయన కన్నుమూశారు.

కాదని పంపిన అమెరికాయే 1994లో తన వైమానిక దళంలో ఆయనకు సెకండ్ లెఫ్టినెంట్ హోదా ప్రకటించింది. అది 77 ఏళ్లు ఆలస్యంగా వచ్చిన న్యాయం.

మిత్రులారా! ఆయన ఆ గుర్తింపు కోసం ఎదురుచూస్తూ కూర్చోలేదు. ఒక తలుపు మూస్తే మరో తలుపు తట్టారు. మన హాస్టల్ గదుల నుంచి బయలుదేరే ప్రతి ఒక్కరూ తెలుసుకోదగిన జీవితం ఇది.