తీరిక వేళల ఇంజనీరు – గున్‌పేయి యొకోయి

వీడియో గేముల విషయంలో మన కళాశాల విద్యార్థులు రెండు వర్గాలు. తెల్లవార్లూ కూర్చుని ఆడేవాళ్ళు ఒక వర్గం, వాటి పేరెత్తితేనే మొహం చిట్లించేవాళ్ళు మరో వర్గం. ఈ రెంటి మధ్యా నాలాంటివాళ్ళం కొందరం ఉన్నాం. రికార్డులు రాయడం, పరీక్షలకు చదవడం పోను పావుగంట తీరిక చిక్కితే ఏదైనా ఆడాలనిపిస్తుంది. కాని ఏది ఆడాలో తోచదు. మిత్రులు మెచ్చిన ఆట మనకు రుచించదు. రుచించకపోయేసరికి, ఈ సరదా మనకు రాసిపెట్టి లేదులే అని ఊరుకుంటాం. సరిగ్గా అలా ఊరుకునే మనుషుల్ని దృష్టిలో పెట్టుకుని పనిచేసిన ఒక ఇంజనీరు జీవితాన్ని ఈ సంచిక పాఠకులకు పరిచయం చేయాలని నా కోరిక.

గున్‌పేయి యొకోయి 1941లో జపాన్ దేశపు క్యోటో నగరంలో జన్మించారు. అక్కడి దోషిషా విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రానిక్స్ చదివి, 1965లో నింటెండో కంపెనీలో చేరారు. అది 1889లో పేకముక్కల తయారీతో మొదలైన సంస్థ. పూలబొమ్మలుండే హనఫుడా ముక్కలు తయారుచేసే యంత్రాలు చెడిపోకుండా చూడటం ఆయన ఉద్యోగం. పని తక్కువ, తీరిక ఎక్కువ. ఆ తీరికలో, కత్తెర మడతల్లా సాగి దూరంగా ఉన్న వస్తువును పట్టుకునే ఒక చేతిబొమ్మను సరదాకి చేసుకున్నారు. అది కంపెనీ అధ్యక్షుడు హిరోషి యమౌచి కంటబడింది. ఉద్యోగం ఊడాల్సిన చోట, ఆ బొమ్మనే అమ్మకానికి తయారుచేయమన్న ఆజ్ఞ వచ్చింది. 1966లో అల్ట్రా హ్యాండ్ అన్న పేరుతో బజారుకెక్కి, పది లక్షలకు పైగా అమ్ముడుపోయింది. దాంతో మరమ్మతులు చూసే మనిషి కాస్తా బొమ్మల రూపకర్త అయ్యారు.

తర్వాతి మలుపు రైల్లో వచ్చింది. బుల్లెట్ రైల్లో ఎవరో ఉద్యోగి విసుగెత్తి, చేతిలోని కాలిక్యులేటర్ మీటలు ఊరికే నొక్కుకుంటూ పొద్దుపుచ్చడం యొకోయి చూశారట. పెద్దమనుషులు నలుగురిలో సిగ్గుపడకుండా ఆడుకునే చిన్న ఆట ఉంటే బాగుండునన్న ఊహ ఆయనకు తట్టింది. కాలిక్యులేటర్ కంపెనీల పోటీ వల్ల ఆ తెరలు అప్పటికే చవకైపోయాయి. 1980లో గేమ్ అండ్ వాచ్ వెలువడింది. అరచేతిలో ఇమిడే పరికరం, అందులో ఒక ఆట, ఒక గడియారం. అంతే! ఆ వరస పరికరాలన్నీ కలిపి నాలుగు కోట్లకు పైగా అమ్ముడయ్యాయి. 1982లో వాటిలో ఒకదానికి ప్లస్ గుర్తు ఆకారంలో ఒక మీట అమర్చారు. 1990లలో మన ఊళ్ళలో టీవీకి తగిలించి క్యాసెట్ గేములు ఆడినవారి ఎడమ బొటనవేలికి ఆ మీట బాగా పరిచయమే.

కొత్తగా వచ్చిన ఖరీదైన సాంకేతికత వెంట పరుగెత్తకుండా, బాగా నలిగి చవకైన దాన్ని ఎవరూ ఊహించని పనికి వాడటం యొకోయి సిద్ధాంతం. 1989లో వచ్చిన గేమ్ బాయ్ దానికి పెద్ద నిదర్శనం. పోటీ కంపెనీల పరికరాలకు రంగుల తెరలుండేవి. కాని వాటికి ఆరేసి పెన్సిల్ సెల్లులు కావాలి, అవీ కొద్ది గంటల్లోనే ఖాళీ. గేమ్ బాయ్ తెరకు రంగుల్లేవు, లోపల దీపం కూడా లేదు. అయితేనేం, నాలుగు సెల్లులతో పది గంటలు దాటి నడిచేది. అమెరికాలో దానితోపాటే ఇచ్చిన టెట్రిస్ ఆటను పిల్లలే కాదు, పెద్దలూ వదల్లేదు. తర్వాత వచ్చిన రంగుల రకంతో కలిపి 11 కోట్లకు పైగా అమ్ముడుపోయింది.

ఇంతకీ ఇందులో మనం నేర్చుకునేదేమిటి? ఆట గొప్పదా కాదా అన్నది తర్వాతి మాట. ఆడే మనిషి ఎవరు, ఎక్కడ, ఎంతసేపు ఆడతాడు అన్నది ముందు చూడాలి. నేనిప్పుడు అలాగే ఎంచుకుంటున్నాను. బస్సు దిగాల్సి వస్తే మధ్యలో ఆపొచ్చా? ఓడితే ఒళ్ళు మండుతుందా, నవ్వొస్తుందా? వేళ్ళ వేగం కావాలా, ఆలోచన కావాలా? ఉచితమని పిలిచి, నాలుగో రోజున డబ్బు అడుగుతుందా? నాకు పటాలంటే ఇష్టం గనక, రైలు మార్గాలు గీసి స్టేషన్లు కలిపే మినీ మెట్రో సరిపోయింది. పల్లెటూరి నుంచి వచ్చిన మా గది మిత్రుడు స్టార్‌డ్యూ వ్యాలీలో విత్తనాలు చల్లి, నీళ్ళు పోసి, పంట కోసుకుని హాయిగా నిద్రపోతాడు. మొన్నటిదాకా అతగాడు గేములు తన వల్ల కావనేవాడు!

యొకోయికి అపజయమూ తప్పలేదు. 1995లో వచ్చిన వర్చువల్ బాయ్‌లో నల్లటి తెర మీద ఎర్రని బొమ్మలే. స్టాండు మీద పెట్టి, తల వంచి చూడాలి. రైల్లో ఆడే వీల్లేదు, పక్కవాడికి కనబడదు, కళ్ళు అలసిపోతాయి. ఎనిమిది లక్షలు కూడా అమ్ముడుపోకుండానే ఆగిపోయింది. ఆడేవాడి సౌకర్యాన్ని మరిచిన యంత్రం, దాన్ని యొకోయి అంతటివాడు చేసినా నిలవదని అది రుజువు చేసింది.

1996లో ఆయన నింటెండో వదిలి, కోటో అనే సొంత సంస్థ పెట్టారు. బండాయ్ కంపెనీ కోసం ఒకే ఒక్క పెన్సిల్ సెల్లుతో నడిచే వండర్‌స్వాన్‌కు రూపకల్పన చేశారు. అది పూర్తయి బజారుకు రావడం ఆయన చూడలేదు. 1997 అక్టోబర్ 4న రహదారి మీద చిన్న ప్రమాదం జరిగితే, కారు దిగి చూస్తుండగా మరో కారు ఢీకొని మరణించారు. అప్పటికి ఆయన వయస్సు 56. వండర్‌స్వాన్ 1999లో వచ్చింది. అందులో ఒక పజిల్ ఆటకు ఆయన పేరే పెట్టారు.

ఈ ఏడు కళాశాల విడిచి వెళ్ళే మిత్రులకు ఉద్యోగాల్లో పడ్డాక తీరిక ఇంకా తగ్గుతుంది. ఆ కాస్త తీరికనూ ఎవరో మెచ్చిన ఆటకు ధారపోయకండి. మీ పావుగంటకు, మీ మనస్సుకు ఒదిగే ఆట ఎక్కడో తప్పకుండా ఉంటుంది. ఓపిగ్గా వెదకండి.