76 ఏండ్ల ప్రయాణికుడు: తండ్రి హయ్యర్

ధ్యాన భాగములు: నెహెమ్యా 2:1–8, యెహోషువ 14:6–12



నెహెమ్యా నాలుగు నెలలు ప్రార్థనలో గడిపిన తరువాత రాజు ఎదుట నోరు తెరచెను. అనుమతి దొరకగానే ఆయన ఊరక బయలుదేరలేదు. నది అవతలనున్న అధికారులకు చూపించుటకు తాకీదులు అడిగెను. రాజు అడవిని కాయు ఆసాపు మ్రానులు ఇచ్చునట్లు మరియొక తాకీదు అడిగెను. అడవిశాఖవారి కాగితము లేనిదే దూలము కదలదని ఎరిగిన మన చింతపల్లి మన్యమువారికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. ప్రార్థించినవాడు కాగితమును తృణీకరింపలేదు. ఇక కాలేబు సంగతి చూడుడి. 85 ఏండ్ల వయస్సున ఆయన పల్లపు భూమిని కోరలేదు, కొండసీమనే కోరెను.

ఈ రెండు గుణములును కలిగి మన తెలుగు దేశమునకు వచ్చిన ఒక వృద్ధుని జీవితమును ఈ నెల ధ్యానింతము. అయితే దానికి ముందు మా తప్పిదము ఒకటి ఒప్పుకొనవలెను.

గత వర్షకాలమున మా సంఘములోని ఒక పెద్దాయనకు రెండు నెలలు పింఛను రాలేదు. ఏండ్ల తరబడి పోడు కొట్టి, పసుపు త్రవ్వి, ఆయన వ్రేళ్ల గీతలు అరిగిపోయినవి. ఆ వ్రేళ్లను యంత్రము గుర్తింపలేదు. పైగా ఆయనకు చలిజ్వరము తగిలెను. ఆయన మా యొద్దకు వచ్చినప్పుడు మేము తలపై చేతులుంచి ప్రార్థించి, అంతయు దేవుడే చూచుకొనునని చెప్పి పంపివేసితిమి. ఆయనతో కూడ కచేరీకి గాని ఆసుపత్రికి గాని నాలుగడుగులు వేయలేదు. మూడవ వారమున ఆయనను డోలీ కట్టి రోడ్డు వరకు మోసికొని రావలసి వచ్చెను. ఆయన బ్రతికెను, అది ప్రభువు కృప. మేము చేయవలసిన పని మాత్రము మేము చేయలేదు. అప్పటినుండి హయ్యర్ అయ్యగారి జీవితమును క్రొత్త కన్నులతో చదువుచున్నాము.

జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్ 1793 జూలై 10న జర్మనీ దేశములోని హెల్మ్‌స్టెడ్ పట్టణమున జన్మించెను. ఆయన బాల్యము నెపోలియన్ యుద్ధములు ఐరోపాను కలచివేయుచున్న కాలమున గడచెను. 1807లో, ఇంకను పసితనము తీరక మునుపే, తలిదండ్రులు ఆయనను అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఉన్న మేనమామ యొద్దకు పంపిరి. ఈ విధముగా పరదేశమున బ్రదుకుట ఎట్టిదో హయ్యర్ బాల్యముననే నేర్చుకొనెను. 1817లో సువార్త ప్రకటించుటకు అనుమతి పొంది, 1820లో బోధకాభిషేకము నొందెను. పెన్సిల్వేనియా మొదలుకొని పడమటి సీమల వరకు గుఱ్ఱముపై తిరిగి, చెదరియున్న జర్మను కుటుంబములను సంఘములుగా కూర్చెను. 1839లో ఆయన భార్య మేరీ మరణించెను. అప్పటికి ఆయనకు 46 ఏండ్లు. ఇక కూర్చుండి విశ్రమింతునని ఆయన తలంపలేదు.

పరదేశస్థుడు ఈ దేశములో అడుగు పెట్టుట ఆ దినములలో ఎట్టిదో కొంత తెలిసికొనవలెను. ఈస్టిండియా కంపెనీవారు మిషనెరీలను అనుమానముతో చూచుచుండిరి. 1812లో అమెరికానుండి కలకత్తాకు వచ్చిన ఎడోనిరాం జడ్సన్‌ను వెళ్లిపొమ్మని ఆజ్ఞాపించిరి. ఆయన తరువాత బర్మాలో స్థిరపడెను. 1813లో పార్లమెంటు చేసిన చట్టము లైసెన్సు పొందిన మిషనెరీలకు తలుపు తెరచెను. 1833 చట్టము ఆ తలుపును మరింత విశాలము చేసెను.

తలుపు తెరచుకొన్నను శరీరము నిలువవలెను గదా. మనకు దగ్గరనున్న విశాఖపట్టణమునే చూడుడి. లండన్ మిషన్‌వారి జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజ్ 1805లో అక్కడ దిగి, తెలుగు నేర్చి, సువార్తలను తర్జుమా చేయనారంభించిరి. క్రాన్ 1809లోను, డెగ్రాంజ్ 1810లోను మరణించిరి. తలుపు దాటి వచ్చినవారిని జ్వరము దాటనీయలేదు.

1840లో హయ్యర్ అయ్యగారిని ఇండియాకు పంపుటకు నిర్ణయమైనది. అయితే వేరొక మిషన్ బోర్డు అధికారము క్రింద పనిచేయవలెనను ఏర్పాటునకు ఆయన మనస్సాక్షి ఒప్పుకొనలేదు. వెళ్లవలెనను ఆశ ఎంత ఉన్నను, తాను నిలువలేని షరతు క్రింద తన పేరు పెట్టక, రాజీనామా ఇచ్చెను. పిమ్మట పెన్సిల్వేనియా మినిస్టీరియం అను లూథరన్ సంఘమే ఆయనను తన సేవకునిగా నియమించెను. 1841 అక్టోబరులో బోస్టను రేవున ఓడ యెక్కి, సింహళము మీదుగా మద్రాసు చేరి, 1842 జూలై 31న గుంటూరులో అడుగు పెట్టెను. అది ఆదివారము. అక్కడి కలెక్టరు స్టోక్స్ దొరగారు దైవభక్తి గలవాడు. ఆయన ఆహ్వానము హయ్యర్‌కు గొప్ప తోడైనది. అధికారి కనికరము కూడ దేవుని చేతిలోని పనిముట్టే. అర్తహషస్త మనస్సు నెహెమ్యా తట్టు త్రిప్పినవాడే స్టోక్స్ మనస్సును త్రిప్పెను. ఆంధ్ర సువార్త లూథరన్ సంఘము ఈనాటికిని జూలై 31వ తేదీని కృతజ్ఞతతో జ్ఞాపకము చేసికొనుచున్నది.

గుంటూరులో ఆయన పాఠశాలలు తెరచెను, తెలుగు నేర్చెను, బోధించెను. 1844లో వాల్టర్ గన్ అను యువకుడు భార్యతో కూడ సహాయమునకు వచ్చెను. 1846లో హయ్యర్ అమెరికాకు తిరిగి వెళ్లెను. అక్కడ ఆయన చేసిన పనిని బట్టి మేము మిక్కిలి ఆశ్చర్యపడుచున్నాము. బాల్టిమోర్ నగరములో ఒక సంఘమును కట్టుచు, మరియొక ప్రక్క వైద్య కళాశాలలో విద్యార్థిగా చేరెను. కుమారుల వయస్సువారితో ఒక బల్లపై కూర్చుండి చదివి, 1847లో, 50 ఏండ్లు దాటిన తరువాత, వైద్య పట్టము పొందెను. పరలోకపు నిరీక్షణ గలవాడు ఈ మంటి శరీరము కొరకు ఇంత శ్రమపడనేల అని అడుగువారుండవచ్చును. పరదేశమున తన శరీరమును, తనను నమ్ముకొనినవారి శరీరములను కాచుకొనుట విశ్వాసములో భాగమని ఆయన ఎరిగియుండెను. పౌలునకు వైద్యుడైన లూకా తోడుండెను గదా.

1848లో ఆయన మరల వచ్చి, పల్నాటి గురజాలలో నివాసమేర్పరచుకొనెను. ఎండకును జ్వరములకును పేరుపొందిన సీమ అది. చలిజ్వరము దోమకాటు వలన వచ్చునని లోకమునకు అప్పటికి తెలియదు. ఆ రహస్యమును మన సికిందరాబాదులోనే రోనాల్డ్ రాస్ 1897లో కనుగొనెను. కలరాకు కారణమేమో అప్పటి వైద్యులకు నిశ్చయముగా తెలియదు. అంత కొద్ది వెలుగుతోనే ఆ ముసలి వైద్యుడు రోగుల నడుమ తిరిగెను. 1851లో వాల్టర్ గన్ గుంటూరులోనే కన్నుమూసెను. చిన్నవాడు పోయెను, పెద్దవాడు మిగిలెను. చివరకు 1857లో, 64 ఏండ్ల వయస్సున, ఆరోగ్యము క్షీణింపగా హయ్యర్ ఈ దేశమును విడిచెను. అప్పటికిని ఊరకుండలేదు. మంచు కురియు మిన్నెసోటా సీమలో సంఘములు స్థాపించి, 1860లో అక్కడ ఏర్పడిన సినడ్‌కు మొదటి అధ్యక్షుడాయెను.

ఆయన జీవితములోని గొప్ప ఘట్టము ఇంకను మిగిలియుండెను. 1861 మొదలు 1865 వరకు అమెరికాలో అంతర్యుద్ధము జరిగెను. సంఘములు చీలిపోయెను, ధనము ఎండిపోయెను. గోదావరి ఒడ్డున రాజమండ్రిలోను, సామర్లకోటలోను ఉన్న లూథరన్ సేవను నడుపు శక్తి లేక, దానిని ఇంగ్లాండువారి చర్చి మిషనెరీ సొసైటీకి అప్పగించుటకు ఏర్పాటు జరుగుచుండెను. ఆ సొసైటీవారు 1841నుండి మచిలీపట్టణములో శ్రద్ధగా సేవ చేయుచున్నవారే. దీనిలో ఎవరి దోషమును లేదు. అయితే ఒక దస్తావేజు చేతులు మారినచో, ఏండ్ల తరబడి విత్తినవారి కన్నీళ్లకు తమ సంఘము ఇక జవాబుదారి కాకుండ పోవును. ఈ వార్త హయ్యర్ చెవిని పడెను.

ఆయన కన్నీరు కార్చి కూర్చుండలేదు, ఉత్తరముతో సరిపెట్టుకొనలేదు. 1869 మే నెలలో పెన్సిల్వేనియాలోని రెడింగ్ పట్టణమున కూడిన మినిస్టీరియం సభకు స్వయముగా వెళ్లి నిలిచెను. ఆ సేవను విడువవద్దని బ్రతిమాలెను. అయితే ఎవరు పోవుదురు అను ప్రశ్న వచ్చెను. తానే పోవుదుననియు, తన సంచి సర్దియే యున్నదనియు ఆ ముసలివాడు తెలియజేసెను. అప్పటికి ఆయనకు 76వ ఏడు నిండవచ్చుచుండెను. సభవారు ఆ భారమును ఎత్తుకొనిరి, అప్పగింత ఏర్పాటు ఆగిపోయెను.

ఆ కాలమున ఇండియాకు వచ్చుటకు నేటి వీసా వంటిది లేదు. పాస్‌పోర్టు చట్టము ఈ దేశమునకు 1920లో వచ్చినది. అయినను ఆయన తనంతట తాను వచ్చిన బాటసారి కాడు. ఎవరి పక్షమున వచ్చుచున్నాడో, ఏ పని నిమిత్తము వచ్చుచున్నాడో సభ ఎదుట తేల్చుకొని, దాని నియామకముతోనే ఆగస్టులో బయలుదేరెను. 1869 డిసెంబరు 1న రాజమండ్రి చేరెను. మన కొండల సీలేరు నీరు శబరిలో కలిసి, కూనవరము యొద్ద గోదావరిలో చేరి, ఆ రాజమండ్రి రేవునే తాకుచు పోవుచున్నది. ఆ నీటి ఒడ్డున, మన తాతలలో అనేకులు లోకమును విడిచిన వయస్సున, ఆయన మరల పని మొదలుపెట్టెను.

1870లో ఆయనకు తోడుగా బెకర్ అను యువ మిషనెరీ వచ్చెను. కొన్ని నెలలలోనే అతడు మరణించెను. ఒక ముసలివానికి ఇంతకన్న బరువైన దినము ఉండునా? అయినను ఆయన స్థలము విడువలేదు. అదే సంవత్సరము ష్మిత్ అను మరియొక యువకుడు రాగా, హయ్యర్ ఆయనకు పనిని అప్పగించి, 1871 జనవరిలో ఓడ యెక్కెను. తాను చావువరకు కుర్చీలో కూర్చుండవలెనని ఆయన కోరలేదు. సమయము వచ్చినప్పుడు రాగలిగినవాడు, సమయము వచ్చినప్పుడు అప్పగించి పోగలిగెను. ష్మిత్ ఆ తరువాత 30 ఏండ్లకు పైగా అక్కడ సేవ చేసెను.

కడవరి దినములలో హయ్యర్ ఫిలడెల్ఫియా సెమినరీలో విద్యార్థులకు ఇంటి తండ్రివలె ఉండెను. 1873 నవంబరు 7న, 80 ఏండ్ల వయస్సున, ప్రభువునందు నిద్రించెను. పెన్సిల్వేనియాలోని ఫ్రీడెన్స్ అను ఊర భార్య సమాధి ప్రక్కన ఆయనను పాతిపెట్టిరి.

ప్రియులారా, ఈ జీవితము మన యెదుట మూడు సంగతులు ఉంచుచున్నది.

మొదటిది, కాగితమును అలక్ష్యము చేయవద్దు. పోడు పట్టా, కుల ధృవపత్రము, ఆధార్, పింఛను పుస్తకము, వీటిని చూరులో చెక్కి చెదలకు అప్పగింపవద్దు. ఒక సంచిలో పెట్టి, అది ఎక్కడున్నదో ఇంటిలో మరియొకరికి చెప్పుడి. పల్లపు సీమలోని మన బంధువులు కొందరు పెద్ద వయస్సులో పిల్లల యొద్దకు పరదేశములకు పోవుచున్నారు. వారు వీసా గడువు ఎప్పుడు తీరునో, జబ్బు చేసినచో ఖర్చు ఎవరు భరింతురో, ఏ మందులు ఎన్ని నెలలకు కావలెనో ముందే తెలిసికొని బయలుదేరవలెను.

రెండవది, శరీరమును అలక్ష్యము చేయవద్దు. చలితో జ్వరము వచ్చిన దినముననే రక్తము చూపించుకొనుడి. మందు పూర్తిగా మ్రింగుడి. జ్వరము తగ్గగానే మిగిలిన మాత్రలు తాటాకు బుట్టలో దాచవద్దు. 50 ఏండ్లు దాటి వైద్యము నేర్చిన హయ్యర్, తెలియని దానిని నేర్చుకొనుటకు వయస్సు అడ్డు కాదని చూపెను.

మూడవది మాకును, యౌవనస్థులకును చెందినది. అరిగిన వ్రేళ్లుగల వృద్ధునికి ప్రార్థన కావలెను. ఆ ప్రార్థనతో కూడ బస్సు ఎక్కి కచేరీ వరకు వచ్చు మనిషియు కావలెను. హయ్యర్ తన మాటలను సభకు పంపి ఊరకుండలేదు, తానే వచ్చెను. మా పెద్దాయనతో మేము ఆలస్యముగానైనను వెళ్లితిమి. వ్రేళ్లకు బదులు కన్ను చూచి గుర్తించు పరికరముతో పని జరిగెను. బయటికి వచ్చినప్పుడు ఆయన మా చేయి పట్టుకొని ఏమియు పలుకక కొంతసేపు నిలిచెను. ఆ చేతి గరుకుదనము మాకు ఇంకను జ్ఞాపకమున్నది.

ఈ నెలలో ప్రతి కుటుంబమును తన పొరుగున ఒంటరిగానున్న ఒక వృద్ధుని ఇంటికి వెళ్లి, ఆయనకు ఏ కాగితము కొరతగానున్నదో, ఏ బాధ మందులేక ఉన్నదో అడిగి రండి. తరువాత మోకరించుదము.

ప్రార్థనాంశము: పరదేశములలో వృద్ధాప్యము గడుపుచున్న మనవారి కొరకును, మన కొండలలో ఒంటరిగా జ్వరముతో పరుండియున్నవారి కొరకును, కచేరీలలో కూర్చుండు అధికారుల మనస్సులు కనికరము కలిగియుండునట్లును ప్రార్థించుదము. ఆమేన్.