పసి చేతికి అక్షరమిచ్చిన డాక్టరమ్మ

అక్షరాభ్యాసంనాడు పసివాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకొని, వేలు పట్టి బియ్యంలో ఓనమాలు దిద్దిస్తాం. మర్నాడు పలకా బలపం చేతికిస్తాం. గీత వంకరపోయిందని మన దేశంలో ఎన్ని తరాల పిల్లలు వేళ్ళమీద బెత్తం దెబ్బలు తిన్నారో! ఆ వేలికీ అక్షరానికీ ఉన్న చుట్టరికాన్ని శాస్త్రీయంగా పట్టుకొన్న మహిళ మేరియా మాంటిస్సోరీ.

ఆమె 1870 ఆగస్టు 31న ఇటలీలోని కియరవల్లెలో జన్మించింది. ఆడవాళ్ళకు వైద్యవిద్య దాదాపు అందని ఆ రోజుల్లో, 1896లో రోములో వైద్యపట్టా పుచ్చుకొంది. మందబుద్ధులని ముద్రపడిన పిల్లల మధ్య పనిచేస్తూ, వారికి మందులకన్న చదువే ముఖ్యమని గ్రహించింది. అక్కడ పదకొండేళ్ళ పిల్లకు సూదిపని ఎంత నేర్పినా పట్టుబడలేదు. మాంటిస్సోరీ సూది పక్కన పెట్టించి, కాగితపు పట్టీలతో చాపలు అల్లించింది. పట్టీని పైనుంచీ కిందినుంచీ దూర్చడం అలవాటయ్యాక సూది ఇస్తే ఆ పిల్ల చక్కగా కుట్టింది. ఒక పనికి కావలసిన కదలికలు ముందు చేతికి విడిగా అలవడాలన్న సూత్రం ఆమెకు అక్కడే దొరికింది. దున్నని నేలలో విత్తనం చల్లి, మొలవలేదని విత్తనాన్ని తిడితే ఏం లాభం?

1907 జనవరి 6న రోములోని శాన్ లొరెంజో పేదవాడలో, కూలీనాలీ చేసుకొనేవారి పిల్లల కోసం ఆమె ఆధ్వర్యాన బాలల గృహం వెలసింది. చదువురాని తల్లులే వచ్చి, మా పిల్లలకు చదవడం రాయడం నేర్పమని అడిగారు. ఆమె గరుకు కాగితంతో అక్షరాలు కత్తిరించి నున్నని అట్టలకు అంటించింది. పిల్లలు రాసే వరుసలోనే వాటిమీద వేలు తిప్పుతూ ఆ శబ్దం పలికేవారు. వేలు పక్కకు జారితే నునుపు తగిలి తప్పు దానంతటదే తెలిసిపోయేది. పెన్సిలు పట్టు కుదరడానికి లోహపు అచ్చుల అంచువెంట బొమ్మలు గీయించి, లోపల గీతలతో నింపించేది. విడి అక్షరాలు పేర్చి మాటలు కూర్చడం ఇంకొక పని.

ఆ చలికాలంలో ఒకనాడు, మేడమీద ఎండలో ఒక అయిదేళ్ళ పిల్లాడికి సుద్దముక్క ఇచ్చి పొగగొట్టం బొమ్మ వెయ్యమంది. వేశాడు. ఆ ఊపులో ఎవరూ చెప్పకుండానే నేలమీద ఒక మాట రాసేసి, తనకు రాయడం వచ్చేసిందని కేకలు పెట్టాడు. మిగతావాళ్ళూ సుద్ద అడిగి పుచ్చుకొని రాయసాగారు. అంతకుముందు వాళ్ళచేత ఎవరూ ఒక్క మాటా రాయించలేదు. చదవడం ఆ తర్వాతే వచ్చింది.

1939లో దివ్యజ్ఞాన సమాజం పిలుపుమీద ఆమె మద్రాసు అడయారుకు వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చింది. 1940లో ఇటలీ యుద్ధంలోకి దిగడంతో శత్రుదేశస్థురాలై, 1946 దాకా మన దేశంలోనే ఉండిపోయింది. 1952 మే 6న హాలెండులో కన్నుమూసింది.

విద్యార్థి మిత్రులారా! మనలో కొందరం రేపు బడిపంతుళ్ళమవుతాం, అందరం తల్లిదండ్రులమవుతాం. పలకమీద వంకర గీత కనబడితే, ఆ చేతిని ముందుగా సిద్ధం చేశామా అని మనల్ని మనమే అడుగుదాం.