సంఖ్యల ధర్మకర్త – జాన్ పోస్టెల్

నేటి విద్యార్థికి అంతర్జాలం గాలివలె, నీటివలె సహజమైన వస్తువు. అది ఎవరి ఆజ్ఞతో నడుస్తున్నదన్న ప్రశ్న అతనికి తట్టదు. దాదాపు మూడు దశాబ్దాలపాటు ఆ ప్రశ్నకు సమాధానం ఒక వ్యక్తి పేరే. ఆయనే జాన్ పోస్టెల్. సాంకేతిక లోకంలో సుప్రసిద్ధుడైనా మన పాఠ్యగ్రంథాలలో ఆయన ప్రస్తావన అరుదు.

పోస్టెల్ 1943 ఆగస్టు 6వ తేదీన అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో జన్మించారు. లాస్ ఏంజిలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చదివి 1974లో డాక్టరేటు పొందారు. 1969లో అమెరికా రక్షణశాఖ ధనసహాయంతో ఆర్పానెట్ అనే కంప్యూటర్ల అనుసంధాన వ్యవస్థ రూపొందినప్పుడు, దాని తొలి కేంద్రం ఆ విశ్వవిద్యాలయంలోనే వెలిసింది. అక్కడ పనిచేసిన పరిశోధక విద్యార్థులలో పోస్టెల్ ఒకరు. స్టీవ్ క్రాకర్, వింట్ సెర్ఫ్ అక్కడ ఆయన సహచరులు. ముగ్గురూ ఒకే ఉన్నత పాఠశాలలో చదివినవారు కావడం విశేషం.

కంప్యూటర్లు పరస్పరం సంభాషించాలంటే ప్రతిదానికీ, అందులో జరిగే ప్రతి పనికీ ఒక సంఖ్య ఉండాలి. మన కూర్మన్నపాలెంలో ఒకే వీధిలోని రెండు ఇళ్లకు ఒకే నంబరు ఉంటే తపాలా ఉద్యోగి పడే అవస్థను ఊహించుకుంటే ఈ సమస్య బోధపడుతుంది. ఈ సంఖ్యల పద్దును ఒక్కరే చూడాలని 1972లో ప్రతిపాదించి, ఆ భారాన్ని పోస్టెల్ తామే స్వీకరించారు. అధికార ముద్ర లేదు, సింహాసనం లేదు. అడిగినవారికి సంఖ్య ఇవ్వడం, ఇచ్చినది వ్రాసి ఉంచడం, అంతే. తరువాత ఈ పనికి ‘ఐయానా’ అన్న గంభీరమైన పేరు వచ్చింది. కాని చాలాకాలం ఐయానా అంటే పోస్టెల్, ఆయన సహోద్యోగిని జాయిస్ రేనాల్డ్స్ మాత్రమే అన్నా అతిశయోక్తి కాదు.

అంతర్జాల నియమాలను ప్రకటించే ‘ఆర్.ఎఫ్.సి.’ పత్రాలకు కూడా ఆయన మరణపర్యంతం సంపాదకులు. 1977 నుండి దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు పరిశోధన సంస్థలో ఉంటూ ఎన్నో పత్రాలను పరిష్కరించారు. నేటికీ అంతర్జాలానికి ప్రాణమైన టి.సి.పి., ఐ.పి. నియమావళులు 1981లో ఆయన సంపాదకత్వంలో వెలువడ్డాయి. మరుసటి ఏడు ఈ-మెయిల్ నియమావళిని తామే రచించారు. పంపేవాడు నియమాన్ని కఠినంగా పాటించాలి, స్వీకరించేవాడు ఎదుటివాని చిన్న లోపాలను ఓర్చుకోవాలి అన్నది ఆయన ఆ వ్యవస్థకు అందించిన సూత్రం. పొడవాటి గడ్డం, కాళ్లకు సాదా చెప్పులు, తీరిక దొరికితే పర్వతయాత్రలు – ఇదీ ఆయన తీరు.

సంఖ్యల తరువాత పేర్ల వంతు వచ్చింది. ఏ దేశానికి ఏ రెండక్షరాలు? ఏది దేశం, ఏది కాదు అన్న వివాదంలోకి దిగకుండా పోస్టెల్ అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ జాబితానే ఆధారం చేసుకున్నారు. ఎంతటి దూరదృష్టి! మన ‘.ఇన్’ 1989లో ఏర్పడింది. దేశనామాన్ని నిర్వహించేవాడు దానికి యజమాని కాడు, ధర్మకర్త మాత్రమే అని 1994లో ఆయన ఒక పత్రంలో స్పష్టం చేశారు. ఉర్దూలో ‘అమానత్’ అన్న మాటకు ఇంతకన్న చక్కని వ్యాఖ్యానం నాకు కనబడలేదు.

ఇంతలో వాణిజ్యం ప్రవేశించింది. 1995లో నెట్‌వర్క్ సొల్యూషన్స్ సంస్థ పేర్ల నమోదుకు రుసుము వసూలు చేయనారంభించింది. ప్రభుత్వం, వ్యాపారులు, సాంకేతికులు – పెత్తనం ఎవరిదన్న తగవు ముదిరింది. 1998 జనవరి 28న పోస్టెల్, పేర్ల మూలపట్టికను భద్రపరచే సర్వర్ల నిర్వాహకులలో ఎనిమిదిమందికి లేఖ పంపారు. ఆ సంస్థ సర్వరు నుండి కాక, ఇకపై తమ సర్వరు నుండి పట్టికను గ్రహించమన్నారు. ఎనిమిదిమందీ మారుమాటాడక పాటించారు! అమెరికా ప్రభుత్వం ఉలిక్కిపడింది. అధ్యక్షుని సలహాదారు ఐరా మాగజైనర్ జోక్యంతో పాత ఏర్పాటు పునరుద్ధరింపబడింది. అది కేవలం పరీక్ష అని పోస్టెల్ వివరించారు.

ఆ చర్య సమంజసమా? అభిప్రాయభేదాలున్నాయి. దానివల్ల ఎవరికీ కీడు కలుగలేదన్నది నిజం. అయినా ఎంతటి సజ్జనుడైనా ఒక్కని మాటపై లోకమంతటి వ్యవస్థ ఇటునుండి అటు తిరగగలగడం భయావహమే. పోస్టెల్‌కూ ఇది తెలియనిది కాదు. తమ తరువాత ఈ భారాన్ని మోయగల సంస్థ కోసం అప్పటికే ఆయన శ్రమిస్తున్నారు. ఆ ఫలితమే 1998 సెప్టెంబరు 30న ఏర్పడిన ‘ఐకాన్’.

దాని తొలి అడుగులు చూసే భాగ్యం ఆయనకు దక్కలేదు. హృదయ శస్త్రచికిత్స అనంతరం అక్టోబరు 16న 55వ ఏట కన్నుమూశారు.

ఐయానాపై అమెరికా ప్రభుత్వ పర్యవేక్షణ 2016 అక్టోబరు 1న ముగిసింది. ఆ తరువాత ‘ఐకాన్’ తొలి మహాసభ జరిగింది మన హైదరాబాదులోనే, అదే సంవత్సరం నవంబరులో. అప్పటికే ఆ మూలపట్టికలో తెలుగు లిపిలో ‘.భారత్’ అన్న నామం చేరి ఉన్నది.