జి.డి.నాయుడు

జి.డి.నాయుడుగా ప్రసిద్ధుడైన గోపాలస్వామి దొరైస్వామి నాయుడు (మార్చి 23, 1893 - జనవరి 4, 1974) తమిళనాడులోని కోయంబత్తూరుకు చెందిన తెలుగు పారిశ్రామికవేత్త, ఆవిష్కర్త. ఈయనకు భారతదేశపు ఎడిసన్ అని పేరు.

బాల్యం, వ్యాపారం

ఈయన కోయంబత్తూరు సమీపంలోని కలంగల్ గ్రామంలో రైతు కుటుంబంలో జన్మించాడు. పాఠశాల చదువు అంతగా సాగలేదు. ఒక ఆంగ్లేయ అధికారి మోటారు సైకిలును చూసి ముగ్ధుడై, హోటల్లో పనిచేసి కూడబెట్టిన డబ్బుతో దానిని కొన్నాడు. దానిని భాగాలుగా విప్పి, తిరిగి బిగించి యంత్రాల పనితీరును గ్రహించాడు. 1920లో పొల్లాచి - పళనిల మధ్య ఒకే బస్సుతో రవాణా వ్యాపారం ప్రారంభించాడు. అదే యూనివర్సల్ మోటార్ సర్వీస్ అనే పెద్ద సంస్థగా ఎదిగింది.

విద్యుత్ మోటారు

1937లో డి.బాలసుందరం నాయుడుతో కలిసి ఈయన తయారుచేసిన విద్యుత్ మోటారు, దేశంలో తయారైన మొట్టమొదటి మోటారుగా ప్రసిద్ధి చెందింది. చిత్తూరు జిల్లాలోని పూతలపట్టు వంటి మెట్ట ప్రాంతాలలో బావుల క్రింది సేద్యానికి తరువాతి కాలంలో విద్యుత్ మోటార్లే ఆధారమయ్యాయి.

మోటారు శక్తి పంపుకు చేరాలంటే రెండింటి షాఫ్టులను కలపాలి. ఇందుకు వాడే సాధనాలలో ఫ్లాంజి కప్లింగు ఒకటి. దీని తొలి కొలతలన్నీ షాఫ్టు వ్యాసాన్ని బట్టి నిర్ణయిస్తారు. హబ్బు వ్యాసం దానికి 2 రెట్లు, హబ్బు పొడవు ఒకటిన్నర రెట్లు, బోల్టుల వృత్తం 3 రెట్లు, ఫ్లాంజి బయటి వ్యాసం 4 రెట్లు, ఫ్లాంజి మందం సగం ఉంటాయి. అంటే 40 మి.మీ. షాఫ్టుకు ఇవి వరుసగా 80, 60, 120, 160, 20 మి.మీ. అవుతాయి. ఆపై మెలితిప్పే బలానికి కీ, బోల్టులు తెగకుండా నిలుస్తాయో లేదో లెక్కించి సరిచూస్తారు. షాఫ్టులు ఒకే వరుసలో లేకపోతే బేరింగులు త్వరగా అరిగిపోతాయి. అందువలన మోటారు పంపులకు రబ్బరు బుష్షులు గల కప్లింగులను ఎక్కువగా వాడతారు.

విద్యారంగం

ఇటువంటి విషయాలు పనిశాలలోనే బాగా పట్టుబడతాయని నాయుడు విశ్వాసం. 1945లో కోయంబత్తూరులో ఆర్థర్ హోప్ పేరిట ఇంజనీరింగు కళాశాల స్థాపనకు తోడ్పడి, దానికి ప్రిన్సిపాలుగా పనిచేశాడు. నాలుగేళ్ళ కోర్సు వలన కాలం వృథా అవుతుందని, రెండేళ్ళు చాలునని వాదించాడు. ప్రభుత్వం అంగీకరించకపోవడంతో పదవికి రాజీనామా చేశాడు. ఆ కళాశాలే తరువాత ప్రభుత్వ సాంకేతిక కళాశాల అయింది.

మరణం, స్మృతి

నాయుడు 1974 జనవరి 4న మరణించాడు. 1967లో ఏర్పడిన ఈయన పారిశ్రామిక ప్రదర్శనశాల కోయంబత్తూరులో ఉంది. 2025లో ఆ నగరంలోని అవినాశి రోడ్డు పైవంతెనకు ఈయన పేరు పెట్టారు.