జి.డి.నాయుడు

జి.డి.నాయుడుగా ప్రసిద్ధి చెందిన గోపాలస్వామి దొరస్వామి నాయుడు (మార్చి 23, 1893 - జనవరి 4, 1974) ఆవిష్కర్త, పారిశ్రామికవేత్త. ఈయన తమిళనాడులోని కోయంబత్తూరు ప్రాంతపు తెలుగు కుటుంబానికి చెందినవాడు. ఈయనను భారతదేశపు ఎడిసన్ అని పిలుస్తారు.

బాల్యం

నాయుడు కోయంబత్తూరు సమీపంలోని కలంగల్ గ్రామంలో వ్యవసాయ కుటుంబంలో జన్మించాడు. బడి చదువుపై ఆసక్తి చూపలేదు. ఒక ఆంగ్లేయ రెవెన్యూ అధికారి వద్ద మోటారు సైకిల్‌ను చూసి ముగ్ధుడయ్యాడు. కోయంబత్తూరులోని ఒక హోటల్లో పనిచేసి డబ్బు కూడబెట్టి, ఆ వాహనాన్నే కొన్నాడు. దాన్ని పూర్తిగా విప్పి, తిరిగి బిగించి, యంత్ర పరిజ్ఞానాన్ని స్వయంగా సంపాదించాడు.

రవాణా వ్యాపారం

1920లో ఒక బస్సు కొని, పొల్లాచ్చి - పళని మధ్య తానే నడిపాడు. ఇదే తరువాత యూనివర్సల్ మోటార్ సర్వీస్‌గా విస్తరించింది.

ఆనాటి పెట్రోలు వాహనాలలో గాలిని, ఇంధనాన్ని కలిపే పని కార్బ్యురేటర్‌ది. సుమారు 14.7 పాళ్ళ గాలికి ఒక పాలు పెట్రోలు, బరువు లెక్కన, పూర్తిగా మండటానికి సరిపోతుంది. పెట్రోలు పాలు మరీ ఎక్కువైతే బండి నిలిచి ఉండి ఇంజన్ నెమ్మదిగా తిరిగేటపుడు నల్లపొగ, పెట్రోలు వాసన వస్తాయి, స్పార్క్ ప్లగ్గుకు మసి పడుతుంది. నెమ్మదిగా తిరిగేటపుడు మాత్రమే ఈ లోపం కనిపిస్తే ఐడిల్ స్క్రూ సర్దుబాటును అనుమానించాలి. అన్ని వేగాలలోనూ ఉంటే తెరుచుకోని చోక్, దుమ్ము పట్టిన ఎయిర్ ఫిల్టరు, ఫ్లోట్ గదిలో పెరిగిన పెట్రోలు మట్టం, అరిగిన సూది వాల్వు వంటి కారణాలను వరుసగా పరిశీలించాలి. సెన్సార్లు లేని ఆ రోజుల్లో చూపు, వాసన, శబ్దమే మెకానిక్‌కు ఆధారాలు. లోపాన్ని ఆలస్యంగా గుర్తిస్తే బస్సు యజమానికి ప్రతి మైలుకూ పెట్రోలు నష్టమే.

ఆవిష్కరణలు

1937లో డి.బాలసుందరం నాయుడుతో కలిసి దేశంలో తొలి స్వదేశీ విద్యుత్ మోటారును తయారుచేసాడు. బ్యాటరీతో నడిచే క్షవర యంత్రం, కిరోసిన్‌తో నడిచే పంకా, పళ్ళరసం తీసే యంత్రం ఈయన రూపొందించిన వాటిలో కొన్ని. 1941లో ఐదు వాల్వుల రేడియోను 70 రూపాయలకే అందించగలనని ప్రకటించాడు. 1952లో సుమారు 2,000 రూపాయల ధరకు ఇద్దరు ప్రయాణించగల పెట్రోలు కారును రూపొందించాడు. ప్రభుత్వం లైసెన్సు ఇవ్వకపోవడంతో అది సామాన్యులకు చేరలేదు. పన్నుల విధానానికి నిరసనగా 1950లలో తన ఉత్పత్తులను తానే బహిరంగంగా ధ్వంసం చేయించాడు.

విద్యారంగం

1940లలో కోయంబత్తూరులో ఆర్థర్ హోప్ పేరుతో సాంకేతిక విద్యాసంస్థలను నెలకొల్పాడు. వాటిలో ఒకటి తరువాత ప్రభుత్వ సాంకేతిక కళాశాలగా మారింది. నాలుగేళ్ళ ఇంజనీరింగ్ చదువులో కాలం వృథా అవుతుందనీ, చేతిపనితో కూడిన రెండేళ్ళ శిక్షణ చాలనీ ఈయన వాదించాడు. ప్రభుత్వం అంగీకరించకపోవడంతో ఆ బాధ్యతల నుండి తప్పుకున్నాడు.

స్మృతి చిహ్నాలు

ఈయన సేకరించిన యంత్రాలతో కోయంబత్తూరులో ప్రదర్శనశాల ఉంది. ఈయన పేరుతో ఏర్పడిన సంస్థ పాత కార్ల మ్యూజియంను కూడా నిర్వహిస్తోంది. 2025లో ప్రారంభించిన అవినాశి రోడ్డు ఫ్లైఓవరుకు ఈయన పేరు పెట్టారు.